గుమ్మటం కట్టిన వేసవి

ఆ కుర్రాడు మా గుమ్మంలోకి వచ్చేనాటికి ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. భుజాన సంచి, సంచిలో అద్దంలా తోమిన తాపీ. మొహంలో మాత్రం పని అడగడానికి వచ్చినవాడి వాలకం ఏ కోశానా లేదు. అంతకుముందు ఇద్దరు మేస్త్రీల దగ్గర చేరి, ఇద్దరితోనూ మాటామాటా పెంచుకుని బయటికొచ్చాడన్న కబురు వాడికంటే ముందే మా ఇంటికి చేరింది. మా ఆయన ఆ సంగతే అడిగాడు. వాళ్ళకి గోడలు తప్ప కమానులు కట్టడం రాదని, తనకి కమానులు వచ్చని, గుమ్మటం కట్టడం ఒక్కటే రాదని, అది నేర్పితే చాలని చెప్పాడు. మిగతా విద్యలన్నీ తల్లి కడుపులోనే నేర్చుకుని వచ్చినట్టు.

లోపల్నుంచి వింటున్న నేను, వీడు రెండో పూట చూడడనుకున్నాను. మా ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "రేపు పొద్దున్నే రా. ముందు మా ఆవిడ దగ్గర చెయ్యి," అన్నాడు.

మా ఇంట్లో సున్నం నా పని. రాతి సున్నాన్ని నీళ్ళలో మరిగించడం, గుంటలో నాననివ్వడం, జల్లెడ పట్టడం, ఇటుక పొడి కలిపి గానుగలో వెన్నలాంటి మాలుగా నూరడం, అంతా నా చేతి మీదే జరుగుతుంది. ఊళ్ళో సిమెంటు మేడలు ఎన్ని లేచినా, మా ఆయన కట్టే కమానుల మధ్య నా సున్నమే ఉంటుంది. అది ఉన్నంతకాలం ఇటుక ఇటుకని వదలదు. ఇందులో నాకు అణకువేమీ లేదు. ఉన్నమాట చెప్పడానికి అణకువ దేనికి?

ఆ వేసవి మా చేతిలో ఉన్నది డాక్టరమ్మ కట్టిస్తున్న కాన్పుల ఆసుపత్రి. పాత భవనం కప్పు ఏటా వానకి కారేది. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని మంచాలతో సహా అటూ ఇటూ జరిపేవాళ్ళు. కొత్తదాంట్లో నడుమ గుండ్రటి కాన్పుల గది, దాని మీద ఎత్తుగా గుమ్మటం ఉండాలని డాక్టరమ్మ పట్టు. వేడి పైకి పోవాలి, లోపల గాలి ఆడాలి అంటుంది. గోడలు అప్పటికే లేచాయి. గుమ్మటం వానల్లోపు పూర్తి కావాలి, తర్వాత ఆరడానికి కూడా కొంత గడువుండాలి. ఆవిడ మా ఆయనతో ఒకే మాట అన్నది: "వచ్చే వానల్లో నేను ఇంక మంచాలు జరపను."

కుర్రాడికి పనివాళ్ళు మొదటి వారంలోనే "దొర" అని పేరు పెట్టేశారు. ఎవరైనా తప్పు చెబితే వాడి ముక్కు మీదికి కోపం వచ్చేది. ఎవరైనా మెచ్చుకుంటే, ఇప్పుడా తెలిసింది మీకు అన్నట్టు చూసేవాడు. ఆ పేరు వాడికి కోపం తెప్పిస్తుందనుకున్నారు గాని, వాడు హాయిగా పలకడం మొదలుపెట్టాడు.

మా ఆయనేమో ఇంకో రకం. పొద్దున్న లేచి స్నానం చేసి ప్రార్థన కాకుండా మంచినీళ్ళు కూడా ముట్టడు. పని దగ్గరికి వెళ్ళాక మళ్ళీ, మొదటి ఇటుక తీసే ముందు, చేతులు జోడించి కళ్ళు మూసుకుని నిలబడతాడు. ఇటుకల మీద కాలు పెట్టడు, ఎవర్నీ పెట్టనివ్వడు. ఆసుపత్రి కట్టినా, పశువుల కొట్టం కట్టినా ఆ భక్తిలో తేడా ఉండదు. దేవుడితో మాట్లాడినంతసేపు నాతో మాట్లాడి ఉంటే నేను ఇంత గయ్యాళిని అయ్యేదాన్ని కాదని ఆయనతోనే చాలాసార్లు అన్నాను. ఆయన ఆ మాట కూడా ప్రార్థనలో కలిపేసుకునేవాడనుకుంటాను.

దొర ప్రార్థనలో నిలబడేవాడు కాదు. మిగతావాళ్ళు తలలు వంచుకుని ఉంటే వాడు దారం లాగి కొలతలు చూసుకుంటూ ఉండేవాడు. మా ఆయన ఒక్కనాడూ రమ్మనలేదు.

నా సున్నపు గుంట దగ్గర వాడు చాలా రోజులే చేశాడు. మొదటిరోజే, దూరం నుంచి పొయ్యమని చెప్పినా వినకుండా దగ్గరికి వంగి రాళ్ళు పోశాడు. మరుగుతున్న సున్నం ఎగిరి ముంజేతి మీద పడింది. కిక్కురుమనలేదు. నేనే పట్టుకుని కడిగి, నూనె రాసి, చెప్పిన మాట ఎందుకు వినలేదని అడిగాను. ఎంత దూరం ఎగురుతుందో చూద్దామని అన్నాడు. మర్నాడు సరిగ్గా ఆ దూరానికి అవతల నిలబడి పోశాడు. వీడికి పొగరుంది గాని, ఆ పొగరుకి కళ్ళున్నాయని అప్పుడు నాకు అర్థమైంది.

ఒక మధ్యాహ్నం గానుగ ఆపబోతుంటే వచ్చి, తాపీతో కాస్త మాలు తీసి తలకిందులుగా పట్టుకుని చూసి, ఇంకాసేపు తిప్పాలన్నాడు. చూస్తే నిజమే, ఇంకాసేపు తిప్పాలి. ఆ సాయంత్రం మా ఆయనతో, ఇంక వాణ్ణి పైకి తీసుకెళ్ళండి, నా దగ్గర నేర్చుకునేది అయిపోయింది, నా నోటికి కూడా విశ్రాంతి కావాలన్నాను.

పరంజా ఎక్కిన రెండో రోజే ఇద్దరికీ మొదటి తగువు వచ్చింది. దొర చెయ్యి చాలా వేగం. మా ఆయన ఒక వరసలో సగం తిరిగేసరికి వాడు మిగతా సగం పూర్తిచేసి, రసమట్టం పెట్టి చూసుకుని, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. మా ఆయన వాడు పెట్టిన ఇటుకల్లో ఒకదాన్ని రెండు వేళ్ళతో పైకి లేపాడు. అది వచ్చేసింది. ఇంకోటి లేపాడు. అదీ వచ్చేసింది. అలా ఆ సగం వరసా తీసి పక్కన పేర్చాడు. నేను కింద గమేళాలో మాలు నింపుతూ చూస్తున్నాను. దొర మొహం కందగడ్డ అయింది. మట్టం వెంట్రుకవాసి తేడా లేదు, కావాలంటే చూసుకోండని గట్టిగానే అడిగాడు.

"మట్టం బాగుంది," అన్నాడు మా ఆయన. "ఇటుకలు తడిపావా?"

తడపలేదు. తడవడానికి పట్టే టైము వాడికి దండగ అనిపించింది. ఎండిన ఇటుక మాలులోని నీళ్ళన్నీ తాగేస్తుంది, మాలు పట్టు వదిలేస్తుంది. వాడికి ఆ సంగతి తెలియక కాదు. పైకి కనిపించదు కదా అనుకున్నాడు. దొర ఆ ఇటుకలన్నీ కిందికి దింపి, తొట్టిలో వేసి, బుడగలు రావడం ఆగేదాకా వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ పూట భోజనానికి రాలేదు. మర్నాడు సామాను సర్దుకుంటాడేమో అనుకున్నాం. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తొట్టి నింపుతూ కనిపించాడు.

అక్కడి నుంచి పని చూడముచ్చటగా సాగింది. చెక్కతో గుమ్మటం ఆకారంలో సెంట్రింగ్ కట్టి, దాని మీద వరస మీద వరస ఇటుకలు పేర్చుకుంటూ పోవడం. ప్రతి వరసా లోపలికి కాస్త వాలాలి, ప్రతి ఇటుకనీ పక్కదానిలోకి గట్టిగా నొక్కాలి. ఆ వాలు ఎంతో మా ఆయన కొలవకుండానే చూపించేవాడు. దొర కొలిచి చూసి, సరిపోయిందని ఒప్పుకుంటున్నట్టు తలాడించేవాడు. మేస్త్రి లెక్కని శిష్యుడు సరిచూడ్డం నేను మొదటిసారి చూశాను. మా ఆయనకి మాత్రం అది ముచ్చటగానే ఉండేది. ఇంటికొచ్చాక, వీడు నమ్మడు, చూసుకుంటాడు, అదే మంచిది అనేవాడు.

గుమ్మటం అడుగున గాలికి వదిలిన పైకిటికీల వరస దాటాక మా ఆయనలో ఏదో తేడా వచ్చింది. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునేవాడు. చొక్కా బొత్తాలు సగం వదిలేసేవాడు. అడిగితే, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాను, తిమ్మిరెక్కిందని చెప్పాడు. ప్రార్థన మటుకు మామూలు కంటే ఎక్కువసేపు చేసేవాడు. నేను రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే గొడవవుతుందని ఊరుకున్నాను.

ఒక పొద్దున ఆయన చేతిలోంచి తాపీ జారిపోయింది. పరంజా కర్రలకి తగులుకుంటూ కిందికొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. తలెత్తి చూస్తే, ఆయన పైన తన చెయ్యి వైపే చూసుకుంటున్నాడు. ఇంకెవరిదో చెయ్యి చూస్తున్నట్టు. దొర ఆయన నడుం చుట్టూ చెయ్యేసి, ఒక్కో మెట్టూ దింపుకుంటూ తీసుకొచ్చాడు.

పాత ఆసుపత్రి పక్కనే కాబట్టి డాక్టరమ్మే చూసింది. తలలో చిన్న నరానికి రక్తం అందలేదని, ప్రాణానికి భయం లేదని, చెయ్యి ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనని, పరంజా మాత్రం ఎక్కకూడదని చెప్పింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, గుమ్మటానికి ఇంకో మేస్త్రిని చూడాలా అని మొహమాటపడుతూనే అడిగింది. నేను జవాబు చెప్పేలోపే మంచం మీద నుంచి మా ఆయన, దొర కడతాడు, నేను కింద కూర్చుంటాను అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ దొరని డాక్టరమ్మ చూసింది. వాడు కళ్ళు దించలేదు. కడతానని తను కూడా చెప్పాడు.

మొదటి రెండ్రోజులూ వాడి చెయ్యి ఎప్పటిలాగే పరుగెత్తింది. మా ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పైకి చూస్తూ కూర్చునేవాడు. మూడో రోజు మధ్యాహ్నం పైన పని ఆగిపోయింది. ఏమైందా అనుకుంటుండగానే దొర దిగి నా గానుగ దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక ఇటుక ఉంది. దాని అంచుల చుట్టూ మాలు అంటుకుని ఉంది, నడుమంతా ఖాళీ. గట్టిగా నొక్కకుండా ఊరికే ఆనించి వదిలేసిన ఇటుక అలా ఉంటుంది.

"ఎక్కడిది?" అన్నాను.

"కింది వరసల్లోది, పిన్నిగారూ. అనుమానం వచ్చి ఒకటి ఊడదీశాను. తర్వాత ఇంకో చోటా తీశాను. అన్నీ ఇలాగే ఉన్నాయి."

ఆ వరసలు ఎవరు పెట్టారో నేను అడగలేదు. వాడు చెప్పలేదు. నొక్కే బలం ఏ చేతిలో లేదో ఇద్దరికీ తెలుసు. అన్ని తప్పులూ ఎదుటివాళ్ళవేనని చెప్పుకుంటూ తిరిగిన కుర్రాడికి, ఇంత పెద్ద మేస్త్రి తప్పు ఇంత తేలిగ్గా చేతికి దొరికింది. వాడి మొహంలో నేను వెతికింది కనిపించలేదు. ఆ ఇటుకని నీళ్ళలో ముంచి, అంటుకున్న మాలంతా వేళ్ళతో కడిగేశాడు.

అన్నీ విప్పాలన్నాడు. మేస్త్రిగారికి చెప్పవద్దన్నాడు. విప్పుతుంటే ఆయన కళ్ళ ముందే కదా జరిగేది, ఏమని చెబుతావన్నాను. చూసుకుంటానన్నాడు.

ఆ సాయంత్రానికి సగం గుమ్మటం మళ్ళీ చెక్కలు తేలి కనిపించింది. డాక్టరమ్మ వార్డు నుంచి వస్తూ చూసి ఆగిపోయింది. ఆకాశంలో అప్పటికే మబ్బులు ఒకటీ అరా తిరుగుతున్నాయి. కట్టింది ఎందుకు విప్పుతున్నారని అడిగింది. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దొర పరంజా మీద నుంచి చెప్పాడు.

"నాదే తప్పండీ. తొందరపడి కట్టాను."

వాడి నోట ఆ మాట వినడం పనివాళ్ళందరికీ అదే మొదలు. ఒకడు గమేళా ఎత్తబోతూ అలాగే ఉండిపోయాడు. డాక్టరమ్మ మా ఆయన వైపు తిరిగింది. ఇతన్నేనా మీరు నమ్మమన్నది అన్న ప్రశ్న ఆవిడ కళ్ళలో ఉంది. మా ఆయన చాలాసేపు పైకి చూశాడు. దొర ఎక్కడిదాకా విప్పాడో కళ్ళతోనే కొలుచుకున్నాడు.

"ఆ వరసలు అతనివి కావమ్మా, నావి," అన్నాడు. "కిటికీలు దాటిన దగ్గర్నుంచీ నా చెయ్యి నొక్కడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. రోజూ దేవుడితో చెప్పుకున్నాను. చెప్పాల్సింది మీతో. ఆయనతో చెప్పుకుంటే తేలిగ్గా ఉందని, అక్కడితో ఆగిపోయాను."

ముప్పై ఏళ్ళకి పైగా కాపురం చేసినదాన్ని, ఆయన తల వంచడం ప్రార్థనలో తప్ప ఎప్పుడూ చూడలేదు. అప్పుడు కూడా వంచలేదు. డాక్టరమ్మ కళ్ళలోకి చూస్తూనే చెప్పాడు. ఆవిడ పైకి చూసి, వానల్లోపు అవుతుందా అని అడిగింది. పిన్నిగారి సున్నం ఆగకుండా వస్తే అవుతుందన్నాడు దొర. వస్తుందన్నాను నేను.

ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆయన దొరని పిలిచి, తనకోసం అబద్ధం ఆడవద్దని గట్టిగా చెప్పాడు. వాడు ఒప్పుకోలేదు. మీకోసం కాదన్నాడు. "మేస్త్రి చెయ్యి జారిందని తెలిస్తే ఆ గదిలోకి రావడానికే జనం భయపడతారు. కుర్రాడు తొందరపడ్డాడంటే ఎవరికీ వింతేం కాదు. గుమ్మటం మీద మాట రాకూడదు, అంతే." ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకు తెలియని పూట అది. ఇద్దరికీ టీ ఇచ్చి నేను మధ్యలోంచి తప్పుకున్నాను. మర్నాడు పని మొదలయ్యేటప్పుడు మా ఆయన వరండాలోంచి, "మేస్త్రీ, ఉత్తరం వైపు వాలు ఒకసారి చూసుకో," అని కేకేశాడు. ఎవర్ని పిలిచాడో అర్థంకాక ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. దొరకి అర్థమైంది. తాపీ తీసుకుని ఉత్తరం వైపు వెళ్ళాడు.

నడినెత్తిన చివరి ఇటుక పెట్టాక, తడి గోనెలు కప్పి ఆరడానికి వదిలాం. రోజూ ఆకాశం చూడ్డమే అందరి పని. మబ్బులు బాగా కమ్మిన రోజున సెంట్రింగ్ తియ్యాలని దొర నిర్ణయించాడు. ఎవరూ లోపల ఉండవద్దని అందరినీ బయటికి పంపి, కొయ్యసుత్తి పట్టుకుని ఒక్కడే లోపలికి వెళ్ళాడు. సెంట్రింగ్‌ని మోసే గుంజల కింద బిగించిన ఆపు చెక్కల్ని ఒక్కొక్కటే కొట్టి వదులు చెయ్యాలి. వాడి వెనకాలే మా ఆయన నడిచి వెళ్ళి, గది నడుమ గుంజల మధ్య నిలబడ్డాడు. తను కట్టిన ప్రతి కమాను కిందా ఆయన అలాగే నిలబడతాడు.

దొర సుత్తి కింద పెట్టేశాడు. "మీరు బయటికెళ్ళండి. లేకపోతే నేను కొట్టను."

"ఎవరు కట్టారిది?"

"నేను."

"అయితే కొట్టు."

వాడి చెయ్యి కదల్లేదు. సున్నం చేతి మీద పడ్డప్పుడు కిక్కురుమననివాడి పెదవులు పాలిపోయాయి. ఇంక నాకు గుమ్మంలో నిలబడబుద్ధి కాలేదు. కొంగు దోపుకుని లోపలికి వెళ్ళి మా ఆయన పక్కన నిలబడ్డాను. పిన్నిగారూ మీరు కూడానా అన్నాడు వాడు. ఇందులో సున్నం ఎవరిదనుకున్నావు, కానియ్యి అన్నాను.

వాడు కొట్టాడు. ఒక్కో దెబ్బకీ చెక్కలు కిర్రుమన్నాయి. కాస్త సున్నపు పొడి రాలి మా ఆయన జుట్టు మీద పడింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో పైకి ఎత్తి పట్టుకున్నాడు. నేను మాత్రం కళ్ళు తెరుచుకుని పైకే చూస్తున్నాను. చివరి చెక్క వదులవగానే సెంట్రింగ్ వేలెడు కిందికి దిగింది. గుమ్మటం దిగలేదు.

దొర గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. మా ఆయన వాడి దగ్గరికి వెళ్ళాడు. మెచ్చుకోలేదు, వీపు తట్టలేదు. లేచి మొహం కడుక్కోమని, బయట జనం కంగారుపడుతున్నారని చెప్పాడు.

తర్వాత నాలుగు రోజులకే వాన పట్టుకుంది. మా ఆయన చెయ్యి గ్లాసు పట్టుకునేంతవరకే తిరిగొచ్చింది, తాపీ పట్టేంత రాలేదు. దొర మా వెనకగదిలోకి మారాడు. పనులకి వాడు వెళతాడు, ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, గానుగ నేను నడుపుతాను. ఇంటికి ఎవరు పెద్దో అడిగితే ముగ్గురం మూడు జవాబులు చెబుతాం.

కాన్పుల గది మొదలైన వారంలో, ఆసుపత్రి వరండా అంచులు పూస్తూ మేమింకా అక్కడే ఉన్నాం. బయట ధారగా వాన. గుండ్రటి గది తలుపులు వేసి ఉన్నాయి. లోపల డాక్టరమ్మ గొంతు, నర్సుల అడుగుల చప్పుడు. ఉన్నట్టుండి ఒక పసిబిడ్డ ఏడుపు లేచింది. అది గుమ్మటంలోకి ఎక్కి, చుట్టూ తిరిగి, పదింతలై బయటికొచ్చింది. పూతపని ఆగిపోయింది. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విన్నావా, మేస్త్రీ?" అన్నాడు.

దొర తల ఒక పక్కకి వంచి, ఏడుపు అయ్యేదాకా శ్రద్ధగా విన్నాడు. "విన్నానండి. లోపల ఎక్కడా చెమ్మ లేదు. చెమ్మ ఉంటే గొంతు ఇంత చక్కగా తిరగదు."

చెయ్యి పడిపోయిన తర్వాత మా ఆయన నవ్వడం అప్పుడే చూశాను. కుర్చీ కదిలిపోయేలా నవ్వాడు.

"నీకు అదే వినిపించిందా?"

"ఇంకేం వినిపించాలి?"

"ఏం లేదు," అన్నాడు మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "అదే. అది చాలు."